అహోబిలమునుండి తాళ్ళపాకకు

యాత్రకుఁ బోయి వచ్చినవారు దేవుని దర్శించితి మనియు, కొండ లెక్కితి మనియు, ఎండకు సొమ్మసిల్లితి మనియుఁ జెప్పుట వాడుక. నేనును ఆ మాటలు చెప్పుదును. కాని వానితోపాటు మా యింటి సంగతి యొకటి దాఁచక చెప్పవలసియున్నది. అది చెప్పనిచో ఈ యాత్ర యెందులకుఁ జేసితిమో మీకుఁ దెలియదు.

మాది కర్నూలు; పెద్దలు కందనవోలందురు. మా వారు గణితోపాధ్యాయులు. నాకుఁ జిన్ననాఁట జబ్బుచేత బడి దక్కలేదు. మా తాతగారు ఇంటనే కూర్చుండఁబెట్టి అమరము, భాగవతము, భారతము చెప్పిరి. బడి మెట్టెక్కని నేను బడిపంతులుగారి భార్య నైతిని. మా పెద్దవాఁడు పదునైదేండ్లవాఁడు. ఈ వేసవి మొదట పదవ తరగతి పరీక్షలోఁ దప్పెను; అదియును లెక్కలలోఁ దప్పెను. ఊరిలోని పిల్లల నెందఱినో గట్టెక్కించిన తండ్రికిఁ దన కొడుకే తప్పుట తలవంపయ్యెను. పిల్లలను గొట్టరాదని 2009లోఁ జట్టము వచ్చిన నాఁటినుండి వారు బడిలో బెత్తము ముట్టలేదు. బడిలో విడిచిన బెత్తమును ఆ సాయంకాలము ఇంటఁ బట్టిరి. నేను అడ్డుపోవుటలో ఆలస్యము చేసితిని. ఆ తప్పు నాది.

పిల్లవాఁడు రెండు దినములు సరిగా అన్నము తినలేదు. మూఁడవనాఁడు దీపములు పెట్టు వేళకు ఇంట లేఁడు. నేను వీధులన్నియు వెదకి, తుదకుఁ గె. సి. కాలువ గట్టునఁ గూర్చుండియున్నవానిని జూచితిని. వేసవి యగుటచేఁ గాలువలో నీరు లేదు. అడుగున బురద యెండి నెఱ్ఱెలు వాఱియున్నది. "ఏల యిక్కడఁ గూర్చుంటివి నాయనా?" యని నే నడుగలేదు. వాఁడును జెప్పలేదు. చేయి పట్టుకొని యింటికిఁ దెచ్చితిని. నీటికొఱకే యెల్లప్పుడును మ్రొక్కు మా సీమలో, నీరు లేనందులకు మ్రొక్కిన తల్లిని ఆనాఁడు నే నొకతెనే కాఁబోలు.

ఆ రాత్రి పంచాంగము తిరుగవేయఁగా వైశాఖ శుద్ధ చతుర్దశి నృసింహజయంతి యనియు, మఱునాఁటి పూర్ణిమ తాళ్ళపాక అన్నమాచార్యుల జయంతి యనియుఁ గనఁబడెను. అహోబిలము చూచి తాళ్ళపాకకుఁ బోదమని మా వారితో నంటిని. వారు కొంతసేపు మాటలాడలేదు. తరువాత "చిన్నదానిని అమ్మ కడ విడుతము, ముగ్గురమే పోదము" అనిరి. ఆ మాట నాకుఁ జాలును.

త్రయోదశినాఁడు తెల్లవాఱుజామున పెరుగన్నము, చిత్రాన్నము కట్టుకొని బస్సెక్కితిమి. కర్నూలునుండి నంద్యాల మీఁదుగాఁ గడపకుఁ బోవు దారి యిది. సుంకేసులకడఁ దుంగభద్రనుండి చీలిన కె. సి. కాలువయు ఈ సీమలగుండనే కడపవైపు నడచును. 1860 దశకమున మద్రాసు ఇరిగేషను కంపెనీవారు పడవలుకూడ నడుపుద మను నాసతో దానిని ద్రవ్వించిరి. మున్నూఱు కిలోమీటర్లకు మించిన పొడవు గలది. పడవల యాస తీఱలేదు. కంపెనీకి లాభమును రాలేదు. 1882లో దొరతనమువారు దానిని గొనిరి. ఆ దొరతనమును నేఁడు లేదు. కాని దానిని ద్రవ్వినవా రెవ్వరో యెఱుఁగని రైతుల మునిమనుమలు నేఁటికిని ఆ నీటితోనే వరి పండించుచున్నారు. ఒకరు త్రవ్విన కాలువలో నీరు ఇంకొకరి తరమునఁ బాఱుట యీ త్రోవలో నాకుఁ గనఁబడిన మొదటి పాఠము.

నంద్యాల నల్లరేగడి, ఆవల తూర్పున నల్లమల కొండల వరుస, ఆళ్ళగడ్డలో ఱాతిశిల్పుల ఉలిచప్పుడు; ఇవి చూచుచు సాయంకాలమునకు దిగువ అహోబిలము చేరితిమి. ఈ క్షేత్రము మొన్నమొన్నటిదాఁక కర్నూలు జిల్లాలోనిది. 2022లో నంద్యాల జిల్లా యేర్పడఁగా దానిలోఁ జేరినది. దిగువ నున్న స్వామికిఁ బ్రహ్లాదవరదుఁ డని పేరు. విజయనగరపు రాజుల నాఁటి మండపములు, స్తంభములు చూడఁదగినవి. ఇక్కడి స్వామికిఁ జెంచులక్ష్మి యిల్లాలు. కావున నల్లమల చెంచువా రాయనను అల్లునిగాఁ దలఁతురు. సంక్రాంతి వేళలలో స్వామి పల్లకి నెక్కి పారువేఁటకు బయలుదేఱి, నలువది దినములకుఁ బైగా ముప్పదికి మించిన పల్లెలు తిరిగి, తన పెండ్లికిఁ దానే పిలుపులు పెట్టుకొని వచ్చును. మండపములోఁ బ్రక్కనఁ గూర్చున్న యొక ముసలమ్మ నాతో నిట్లనెను: "మా జేజి కాలంనించి ఆయప్ప మా వూరికి వస్తానే వుండాడమ్మా. కరువొచ్చిన సంవత్సరాలు గూడ రాకుండా వుండలా. మా ఇంట్లో గింజల్లేనప్పుడు ఉత్త నీళ్ళతోనే కాళ్ళు కడిగినాము." వచ్చుట ఆయనవంతు, కాళ్ళు కడుగుట వారివంతు. ఆ మాట నా చెవిలో నిలిచిపోయినది.

మఱునాఁ డుదయమున, ఎండ ముదురకముందే, ఎగువ అహోబిలమునకుఁ బోయితిమి. భవనాశిని వెంబడిఁ గొండల నడుమ దారి. నవనారసింహులలోఁ గొందఱిని మాత్రమే దర్శింపఁగలిగితిమి. కంబమునుండి హరి వెడలివచ్చిన తావని చెప్పు ఉగ్రస్తంభమును దూరమునుండియే చూచి మ్రొక్కితిమి. కాని మా పిల్లవాని కాళ్ళను నిలిపినది ఆ శిఖరము కాదు, ప్రహ్లాదుని బడి. అది యొక ఱాతితావు. ఱాతిమీఁద అక్షరములవలెఁ గనఁబడు గీఁతలను జూపి, ఇవి ప్రహ్లాదుఁడు వ్రాసిన వని యాత్రికులు చెప్పుకొందురు.

వాఁ డా గీఁతలమీఁద వ్రేలుంచి, మూఁడు దినములకుఁ దరువాత మొదటిసారిగాఁ దనంతఁ దాను నోరు విప్పెను. "అమ్మా, ప్రహ్లాదుఁడు బడిలోఁ దప్పినట్లా, నెగ్గినట్లా?"

నేను మా వారి మొగము చూచితిని. వారు కొండవైపు చూచుచుండిరి. నాకుఁ దోఁచిన సమాధానము చెప్పితిని: "చండామర్కుల లెక్కలోఁ దప్పినట్లే నాయనా. వారు చెప్పిన పాఠము వాఁ డప్పగింపలేదు. తండ్రి సంతోషింపలేదు. గురువులు రాజునకు భయపడి దండించిరి. రాజు తన పేరు చెడునని దండించెను. ఆ బాలునకు నిజముగా నేమి వచ్చునో అడిగినవాఁ డొక్కఁడును లేఁడు."

అనిన పిదప, ఆ మాట ఎవరికిఁ దగులునో తెలిసి నాలుక కఱచుకొంటిని.

భాగవతము చదువుకొన్న సోదరీమణు లెఱుఁగుదురు. హిరణ్యకశిపుని సంహరించిన పిదప స్వామి వరము కోరుకొమ్మనఁగాఁ బ్రహ్లాదుఁడు తనకై యేమియుఁ గోరలేదు. తన్ను హింసించిన తండ్రి పాపము పోవలె నని వేఁడెను. నీవు పుట్టుటచేతనే నీ తండ్రితోఁ గూడ ఇరువదియొక్క తరములవారు పవిత్రులైరని స్వామి చెప్పెను. ఇది వెనుకటి తరములమాట. ముందు తరములమాట యొకటి కలదు. అది దశమస్కంధమునఁ దెలియును. ప్రహ్లాదుని కొడుకు విరోచనుఁడు, అతని కొడుకు బలి, బలి కొడుకు బాణుఁడు. బాణాసురుఁడు గర్వించి కృష్ణునితోఁ బోరి, వేయి చేతులలో నాలుగు మిగిలి నిలిచినపుడు, కృష్ణుఁడు వానిని జంపలేదు. నీ వంశమువాని నెవ్వనిని వధింప నని తొల్లి ప్రహ్లాదునకు మాట యిచ్చితినని తెలిపి విడిచెను. మాట యిచ్చునపుడు సింహపుమొగము. మాట నిలుపుకొనునపుడు గొల్లపిల్లవాని మొగము. యుగము మాఱినను మాట మాఱలేదు.

అంతతోనైనను ఆగలేదు. ఆ బాణుని కూఁతురు ఉష కృష్ణుని మనుమఁడైన అనిరుద్ధునకు ఇల్లాలయ్యెను. హరి పేరు వినఁబడరా దని కొడుకును గొండమీఁదనుండి త్రోయించిన హిరణ్యకశిపునకు ఐదవ తరపు ఆఁడుపడుచు, హరియింటనే కుడికాలు పెట్టినది! కత్తులతో మొదలైన కథ తలఁబ్రాలతో ముగిసినది. ఇంటింటి పగలను, అలుకలను ఎఱిఁగిన మనకు ఇంతకంటె నాసగొలుపు కథ యేమున్నది?

ఈ క్షేత్రమునకును, మేము పోవలసిన తాళ్ళపాకకును నడుమ నొక దారము కలదు. అహోబిలమఠమును స్థాపించిన ఆదివన్ శఠకోపయతులవద్దనే అన్నమాచార్యులు వేదాంతము నేర్చిరి. ఆయన మనుమఁడు చిన్నన్న యని పేరొందిన చిన తిరువేంగళనాథుఁడు పై నేను చెప్పిన ఉషాకల్యాణమునే ద్విపదగా వ్రాసెను. కావున ప్రహ్లాదుని యింటి కథను ముడివైచుకొని అన్నమయ్య యింటికి బయలుదేఱితిమి.

ఆళ్ళగడ్డకు వచ్చి, మైదుకూరు మీఁదుగా రాత్రికిఁ గడప చేరితిమి. పూర్ణిమ తెల్లవాఱఁగనే దేవునికడప వేంకటేశ్వరుని సేవించితిమి. తిరుమలకుఁ బోవువారికి ఇది గడప యని పెద్దలు చెప్పుదురు. అన్నమాచార్యులు ఈ కడపరాయనిపైఁ బలు కీర్తనలు చెప్పిరి. ఇక్కడ నుగాదినాఁడు మహమ్మదీయ స్త్రీపురుషులును వచ్చి టెంకాయ కొట్టుదురు. బీబీ నాంచారమ్మ తమ యాఁడుపడుచు గనుక స్వామి తమకును అల్లుఁడే యని వారి నమ్మకము. కొండమీఁదఁ జెంచువారి యల్లుఁడు, ఊరిలో మహమ్మదీయుల యల్లుఁడు! మా రాయలసీమలో దేవునితోఁ జుట్టఱికము పెట్టుకొనని కులము లేదు.

కడపనుండి రాజంపేట పోవు త్రోవలో ఒంటిమిట్ట కోదండరాముని గోపురము కనఁబడెను. ఒక్క శిలలో సీతారామలక్ష్మణులు వెలసిన ఆ గుడి పాడుపడియుండఁగా, ఆంధ్రవాల్మీకి యని పేరొందిన వావిలకొలను సుబ్బారావుగారు టెంకాయచిప్ప చేతఁబట్టి బిచ్చమెత్తి దానిని బాగుచేయించిరి. మ్రొక్కి ముందునకు సాగితిమి.

నందలూరికడ బస్సు చెయ్యేటి వంతెన దాఁటెను. వేసవిలో ఆ యేఱు తెల్లని యిసుకయే. ఈ యిసుకను జూచినవారు, 2021 నవంబరులో ఇది యెట్లు పాఱెనో నమ్మలేరు. ఎగువనున్న జలాశయమునకు అన్నమయ్య పేరే పెట్టియుండిరి. ఆ నవంబరు 19వ తేదీన వరద పొంగి దాని కట్ట తెగఁగా, ఏటియొడ్డు పల్లెలలో ఇండ్లు, పసరములు, పలువురి ప్రాణములు కొట్టుకొనిపోయినవి. అన్నమయ్య పేరు పెట్టుకొన్న నీరే ఆ పల్లెలను ముంచెను. కరవు సీమలో నీటిచేఁ జచ్చుట యెంతటి విపరీతము! దేవుని దయ యను మాట వ్రాయఁబూనిన నేను దీనిని వ్రాయక తప్పించుకొనరాదు.

నందలూరిలో నొక వితంతువు పూలబుట్టతో నెక్కి నా ప్రక్కనఁ గూర్చుండెను. "యా వూరమ్మా మీది?" యని పలుకరించి, మా వానిని జూచి "అబ్బీ, ఏం సదువుతాండావు?" అని యడిగెను. వాఁడు తల వంచుకొనెను. ఆమె మఱల నడుగలేదు. మాటలలో నా వరద సంగతి వచ్చెను. "ఇల్లు పాయె, ఎనుము పాయె" నని చెప్పెను. అంతకుమించి పోయినదాని పేరు చెప్పలేదు. ఆమె నుదురు చూచి నేనును అడుగలేదు. తాళ్ళపాకకే పూలు తీసికొనిపోవుచున్నది. ఉండఁబట్టక, "ఇంత జరిగినను ఆయనకుఁ బూలు పెట్టఁబుద్ధి యెట్లు పుట్టె నమ్మా?" యంటిని. ఆమె నన్ను వింతగాఁ జూచి యిట్లనెను: "కట్ట తెగితే ఆయప్ప ఏం జేస్తాడమ్మా, కట్టను సూసుకోవాల్సింది మనుసులు. మా యత్త ఆయప్ప తొట్టిల పాట పాడేది. నేను పాడినా. కోడలికి నేర్పిస్తి. ఇల్లు పోతే మళ్ళా కట్టుకుంటిమి. పాట పోతే యాడ తెచ్చుకొనేది?"

నేను భాగవతము చదివితిని, ఆమె చదువలేదు. అయినను నాకుఁ దెలియనిది ఆమెకుఁ దెలియును. దయ యనఁగాఁ గష్టము రాకుండుట యని నేను తలఁచుచుంటిని. కష్టము వచ్చిపోయిన పిదపఁ జేతిలో నేమి మిగిలెనో ఆమె చూచుకొనుచున్నది.

రాజంపేటకు దాపుననే తాళ్ళపాక. త్రోవప్రక్క నూటయెనిమిది యడుగుల అన్నమయ్య విగ్రహము ఎండలో నిలిచియున్నది. దానిని దాఁటి ఊరిలోనికిఁ బోయితిమి. చెన్నకేశవుని గుడి, సిద్ధేశ్వరుని గుడి, తిరుమల తిరుపతి దేవస్థానములవారు కట్టించిన ధ్యానమందిరము ఉన్నవి. జయంతి గనుకఁ గీర్తనలు పాడు గోష్ఠులు వచ్చియుండెను. కాని నా మన సంతయుఁ జెన్నకేశవునిపైననే యుండెను. ఆ గుడిమెట్లమీఁద, నీడలో, మా వానికి ఆ యింటి మొదటి కథ చెప్పితిని. చిన్నన్న వ్రాసిన అన్నమాచార్య చరిత్ర 1949లో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పరిష్కరణముతో వెలువడిన ద్విపదకావ్యము. కథ దానిలోనిదే.

అన్నమయ్యకుఁ దాత నారాయణయ్య. బాల్యమున వానికిఁ జదువు రాలేదు. తండ్రి విఠ్ఠలయ్య, వానిని ఊటుకూరిలోని బంధువులవద్దఁ జదువునకుఁ బెట్టెను. ఒజ్జలు పలువిధముల దండించిరి. అయినను అక్షర మంటలేదు. దెబ్బలు పడలేక, అవమాన మోర్వలేక, ఆ పిల్లవాఁడు చింతలమ్మ గుడికడ నున్న పాముపుట్టకుఁ బోయి, చచ్చిపోవుదమని పుట్టలోఁ జేయి పెట్టెను.

ఇంతవఱకుఁ జెప్పి ఆగితిని. మా వాఁడు నా వైపు చూడలేదు. తన యరచేతిని జూచుకొనుచుండెను. మా వారు రెండు మెట్లు క్రింద నిలిచియుండిరి.

పాము కఱవలేదు. చింతలమ్మ ప్రత్యక్షమై, "ఏల చచ్చెదవు? నీకు మూఁడవ తరమున హరికిఁ బరమభక్తుఁడైనవాఁడు పుట్టును. తాళ్ళపాకకుఁ బోయి చెన్నకేశవుని గొల్వుము" అను భావముగలమాట పలికినది. పిల్లవాఁడు తిరిగి వచ్చి ఈ కేశవుని సన్నిధిని మొఱపెట్టుకొనెను. ఆయన కృపచే వానికిఁ జదువు వచ్చెను. వాని కొడుకు నారాయణసూరి పండితుఁడయ్యెను. సూరి యిల్లాలు లక్కమాంబ మాడుపూరి మాధవస్వామికి భక్తురాలు. వారికిఁ జిరకాలము సంతానము లేదు. తిరుమలకుఁ బోయి గరుడగంబముకడ సాగిలపడి వేఁడుకొనఁగా, స్వామి ఖడ్గమైన నందకము వారికి దివ్యతేజముగా లభించిన దని చెప్పుదురు. పిమ్మట 1408లో అన్నమయ్య పుట్టెను.

సోదరీమణులారా! ఈ కథ నేను చిన్ననాఁటినుండి యెఱుఁగుదును. కాని దేవత యాడిన మాటను ఆనాఁడే సరిగా వింటి ననిపించెను. ఆమె, "నీవు రేపు పరీక్షలో నెగ్గుదువు" అనలేదు. చదువు వచ్చిన సంగతి తరువాతిది. మొదట చెప్పినది మూఁడవ తరపు మాట. తాను ఎన్నఁడు చూచునో, చూడనే చూడఁడో యెఱుఁగని మనుమనికొఱకు ఆ పిల్లవాఁడు పుట్టలోనుండి చేయి తీసికొనెను. ముప్పదిరెండు వేల కీర్తనలు ఆ నిమిషమున ఒక మొద్దుపిల్లవాని యరచేతిలో నుండెను! దేవుఁడు తన మాటను పండితుని చేతిలోఁ బెట్టలేదు, రాజు చేతిలోఁ బెట్టలేదు. ఎవ్వరికిని బనికిరాఁ డని యెంచిన వాని చేతిలోఁ బెట్టెను. వాని నుండి కోరినదియు నొక్కటే: బ్రదికియుండుట.

అప్పుడు మా వారు మెల్లఁగా నిట్లనిరి: "పిల్లవాఁడు పుట్టకడకుఁ బోవుదాఁక ఆ యొజ్జ యేమి చేయుచుండెనో!"

ఎవరిని గుఱించి యనిరో మా ముగ్గురకును దెలియును. వారు పైకి వచ్చి, వానిప్రక్కఁ గూర్చుండి, "కాలువ గట్టుకుఁ బోయినదినము నాతోఁ జెప్పియుండరాదా?" యనిరి. వాఁడు "మీతోనే యెట్లు చెప్పుదును నాయనా?" యనెను. ఆ మాటలో నిష్ఠురము లేదు. నిజము మాత్రమే యున్నది. వారు వాని వీఁపుమీఁదఁ జేయి వేసిరి. ఆ వీఁపునందే బెత్తపుగుఱుతు ఇంకను మాయలేదు. నేను లేచి దేవుని జూచు నెపమున లోనికిఁ బోయితిని.

ఆ యింటి తక్కిన కథ మీకుఁ దెలిసినదే, త్వరగాఁ జెప్పుదును. అన్నమయ్యయును బాల్యమున ఇంటివారి మాటలు పడినవాఁడే. గడ్డి కోయఁబంపఁగాఁ గొడవలి తగిలి వ్రేలు తెగెను. ఈ చుట్టము లెవ్వరు, నే నెవ్వఁడ నని విరక్తిపడి తిరుమలకుఁ బోవు యాత్రికుల వెంటఁ బడెను. 1424లో, పదునాఱవయేఁట, స్వామి దర్శన మయ్యెను. నాఁటినుండి 1503లోఁ గన్నుమూయుదాఁక దినమునకు ఒక్క కీర్తనకుఁ దక్కువ గాకుండఁ బాడెను. భార్య తిమ్మక్క సుభద్రాకల్యాణమును రచించి, తెలుఁగు కవయిత్రులలో మొదటిదని పేరొందెను. కొడుకు పెద తిరుమలాచార్యులు తండ్రి కీర్తనలను రాఁగిఱేకులపైఁ జెక్కించెను. తానును గీర్తనలు చెప్పెను. మనుమఁడు చినతిరుమలాచార్యులును గీర్తనకారుఁడే. చిన్నన్న వంశచరిత్ర వ్రాసెను. మూఁడవ తరమున మాట నెఱవేఱినను, ఆ యిల్లు "మా పని యయ్యె" నని కూర్చుండలేదు.

పిదప ఆ ఱేకులు తిరుమల గుడిలోని సంకీర్తనభండారమున, చిన్న ఱాతియఱలో, శతాబ్దములతరబడి చీఁకటిలో నుండెను. లోకము మఱచెను. కరఁగించి బిందెలు చేసికొన్నను అడుగువారు లేని కాలము! అయినను ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలగువారి పరిశ్రమచే అవి వెలుఁగు చూచినవి. పండ్రెండువేలకు మించిన కీర్తనలు దొరకినవి. ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి కంఠమునుండి అవి ప్రపంచము వినినది. ఇంతలో భండారము తలుపు మూసియున్న కాలమందును, ఏకాంతసేవవేళ స్వామికిఁ దాళ్ళపాకవారి లాలి మానలేదు. ఆ వంశమువారికి నేఁటికిని గొండపై ఆ కైంకర్యము కలదు. ఱేకులు చీఁకటిలో నున్న యన్నినాళ్ళు లాలి వెలుతురులో నడచినది.

ఈ రెండు వంశములను జూచి నే నెఱిఁగినది యొక్కటి. దేవుఁడు మాట తప్పఁడు. కాని ఆయన నెఱవేర్చు గడువు మన గడువు గాదు. మనము ఈ యేఁటి మ్రొక్కునకు ఈ యేఁడే ఫలము కోరుదుము. బిడ్డ ఈ పరీక్షలోనే నెగ్గవలె నందుము. మనలోఁ బెక్కుమందిమి నారాయణయ్యలమును గాము, అన్నమయ్యలమును గాము. నారాయణసూరి, లక్కమాంబలవలె నడిమి తరమువారము. మాట విన్నవారును మనము కాము, ఫలము చూచువారమును గామేమో. మన పని దానిని నడుమఁ దెగనీయకుండుట. అత్తనుండి పాట నేర్చి కోడలికిచ్చిన నందలూరి పూలమ్మ చేయునదియు నదియే. పిల్లవానిని బుట్టకడనుండి, కాలువగట్టునుండి, చేయి పట్టుకొని యింటికిఁ దెచ్చుటయు నదియే. ఈ సంవత్సరము పరీక్ష తప్పిన బిడ్డ గల తల్లులు ఈ వ్యాసము చదువుచుందురు. అమ్మా, మీ బిడ్డ యెక్కడ నున్నాఁడో లేచి యొక్కసారి చూచి రండు. మార్కులసంగతి తరువాతఁ జూచుకొనవచ్చును.

ఆ రాత్రి వెన్నెలలో తిరుగుబస్సునఁ గర్నూలు బయలుదేఱితిమి. పిల్లవాఁడు తండ్రి భుజముపై తల వాల్చి నిద్రపోయెను. వానికి మఱల పరీక్ష యున్నది. నెగ్గునో లేదో నే నెఱుఁగను. దినమును సాయంకాలము తండ్రికొడుకు లిద్దఱును వరండాలోఁ గూర్చుండి లెక్కలు చేయుచున్నారు. మొన్నొక లెక్క వారికే రాక వాఁడు చెప్పెనఁట, ఇద్దఱును నవ్విరి. బెత్త మేమాయెనో నే నడుగలేదు. పెరటిలో మల్లెతీఁగ ప్రాఁకుటకు ఊఁతగా నాటియుండఁగా నిన్న నీళ్ళు పోయుచుఁ జూచితిని.